చిమ్నీ స్విఫ్ట్‌ల బసలు వెతికే డాలస్ సభ్యులకు

అందరికీ నమస్కారం. ఆగస్టు చివరి నుంచి అక్టోబరు మొదటి వారాల దాకా, దక్షిణ అమెరికాకు వలస వెళ్లే చిమ్నీ స్విఫ్ట్‌లు అనే చిన్న పిట్టలు రాత్రిళ్లు ఒకే పొగగొట్టంలో వందల కొద్దీ తలదాచుకుంటాయి. ఆ చిమ్నీలు ఎక్కడున్నాయో తెలిస్తేనే వాటిని మూసేయొద్దని, కూల్చొద్దని అడగగలం.

ముందు పగటిపూట శాటిలైట్ మ్యాపులో పాత బడులు, చర్చిల ఇటుక చిమ్నీలు చూసి పెట్టుకోండి. పైన మూత, జాలీ ఉన్నవి వదిలేయండి. లోపల లోహపు గొట్టం వేసినవీ అంతే. ఈ పిట్టలు కొమ్మ మీద వాలలేవు, గరుకు గోడకు గోళ్లతో వేలాడతాయి. నున్నటి రేకు మీద వాటికి పట్టు దొరకదు.

సూర్యాస్తమయానికి అరగంట ముందే చేరుకోండి. మబ్బు పట్టినా, చల్లగా ఉన్నా అవి తొందరగా దిగుతాయి, ఇంకా ముందే వెళ్లాలి. చిమ్నీకి తూర్పున నిలబడితే పడమటి వెలుగులో పిట్టలు నల్లగా, స్పష్టంగా కనిపిస్తాయి.

గుంపు ఒక చిమ్నీ చుట్టూ తిరిగిందని అదే బస అనుకోకండి. చివరి నిమిషంలో వీధి అవతలి దాంట్లో దిగిపోవడం మామూలే! అందుకే ఇద్దరు వెళ్లండి, ఒకరు చుట్టుపక్కల కప్పులు చూడాలి.

దిగేటప్పుడు పదేసి చొప్పున లెక్కపెట్టండి, మళ్లీ బయటికొచ్చినవి లెక్కలోంచి తీసేయండి. చివరి పిట్ట దిగాక పది నిమిషాలు ఆగండి. అప్పటికి గబ్బిలాలు తిరుగుతుంటాయి, వాటిని కలపకండి. చిమ్నీ మీద టార్చి వేయొద్దు.

చిరునామా, సంఖ్య, మొదటి పిట్టా చివరి పిట్టా దిగిన సమయాలు, వాతావరణం ఆ రాత్రే ఇక్కడ పెట్టండి. సున్నా వచ్చినా పెట్టండి.