పింఛను తేల్చే కమిషన్‌లో పింఛనుదారుకు చోటేది?

గౌరవనీయులైన సంపాదకులకు నమస్కారాలు.

ఎనిమిదో కేంద్ర వేతన సంఘానికి జస్టిస్ రంజనా ప్రకాశ్ దేశాయ్ అధ్యక్షురాలిగా, ఆచార్య పులక్ ఘోష్ పార్ట్‌టైమ్ సభ్యులుగా, పంకజ్ జైన్ సభ్య కార్యదర్శిగా నియమితులైన నాటి నుంచి, ఆ సిఫారసులు మాకు నేరుగా వర్తించకపోయినా, మా చిత్తూరులో విశ్రాంత ఉద్యోగులు నలుగురు కలిసిన చోటల్లా ఫిట్‌మెంట్, అంటే మూల వేతనం మీద పెంచే శాతం, ఎంత వస్తుందన్నదే మాట. ఆ శాతాన్ని లెక్కగట్టేవారు ఎవరు, వారిని ఏ ప్రాతిపదికన ఎంచుకుంటున్నారు అన్న ప్రశ్న మాత్రం పెద్దగా వినిపించడం లేదు. ఆ ప్రశ్నను మన రాష్ట్రం విషయంలో అడగడానికే ఈ లేఖ.

కేంద్రంలో కనీసం సభ్యులంటూ ఉంటారు. మన దగ్గర పీఆర్సీ (వేతన సవరణ సంఘం) అంటే ఏకసభ్య కమిషనే. తొమ్మిదో పీఆర్సీకి సి.ఎస్.రావు, పదో పీఆర్సీకి పి.కె.అగర్వాల్, పదకొండో పీఆర్సీకి అశుతోష్ మిశ్రా; అందరూ ఐఏఎస్ అధికారులుగా పనిచేసినవారే. వారి సమర్థతను నేను ప్రశ్నించడం లేదు. కానీ ఒక్కరే ఉన్న కమిషన్‌లో భిన్నాభిప్రాయానికి తావెక్కడిది? ఏడో కేంద్ర వేతన సంఘాన్ని చూడండి. కేంద్ర సాయుధ పోలీసు బలగాలన్నింటికీ పదవీ విరమణ వయసు ఒకే తీరుగా 60 ఏళ్లుండాలని అధ్యక్షులు జస్టిస్ అశోక్ కుమార్ మాథుర్ భావిస్తే, సభ్యులు వివేక్ రే, రథిన్ రాయ్ ఒప్పుకోలేదు. ఆ భేదం నివేదికలోనే అచ్చయింది. తర్వాత 2019లో ఢిల్లీ హైకోర్టు తీర్పు దరిమిలా కేంద్రం 60 ఏళ్లనే ఖరారు చేసింది. ఎవరి వాదన నెగ్గిందన్నది అటుంచితే, రెండు వాదనలూ కాగితం మీద ఉండటం వల్ల జవానుకు తన విషయంలో ఏం చర్చ జరిగిందో తెలిసింది.

మనకు ఆ భాగ్యం లేదు. మిశ్రా కమిషన్ 27 శాతం ఫిట్‌మెంట్ సిఫారసు చేస్తే, అధికారుల కమిటీ 14.29 శాతం చాలంది. చివరికి 2022 జనవరిలో ప్రభుత్వం 23 శాతం ప్రకటించింది. 70 ఏళ్లు దాటిన పింఛనుదారులకు అదనంగా ఇచ్చే 10 శాతం, 75 దాటినవారికిచ్చే 15 శాతం మొదట పూర్తిగా ఎగిరిపోయి, ఆందోళన తర్వాత 7, 12 శాతాలుగా తిరిగొచ్చాయి. అసలు నివేదిక బయటపెట్టండని అడగడానికే సంఘాలు రోడ్డెక్కవలసి వచ్చింది. డెబ్బయ్యయిదేళ్ల మనిషి మందుల ఖర్చు గురించి ఆ గదిలో ఎవరైనా నోరు విప్పారో లేదో నాకు ఇప్పటికీ తెలియదు.

మరో మాట కొంచెం ఇబ్బందికరమైనదే అయినా చెప్పక తప్పదు. 2004 సెప్టెంబరు 1 తర్వాత రాష్ట్ర సర్వీసులో చేరినవారికి సీపీఎస్, అంటే ఉద్యోగి, ప్రభుత్వం జమచేసే వాటాల మీద ఆధారపడే పింఛను పథకం, వర్తిస్తుంది. ఆ పథకం మంచిచెడ్డలు తేల్చడానికి 2018లో ఎస్.పి.టక్కర్ కమిటీ, 2019లో మంత్రుల బృందం ఏర్పడ్డాయి; 2023లో గ్యారంటీడ్ పెన్షన్ చట్టం వచ్చింది. ఇలాంటి కమిటీల్లో కూర్చునే సీనియర్ అధికారులు సాధారణంగా చివరి జీతాన్ని బట్టి పింఛను హామీ ఉండే పాత పింఛను పరిధిలోనివారే. అది వారి తప్పు కాదు, సర్వీసులో చేరిన తేదీ అలాంటిది. అయితే తాను ఏ పింఛను పరిధిలో ఉన్నారో ప్రతి సభ్యుడూ ముందే లిఖితపూర్వకంగా వెల్లడించాలని కోరడం అపచారమేమీ కాదు కదా. నా సంగతి నేనే చెబుతాను: ప్రభుత్వ పాఠశాలలో ప్రధానోపాధ్యాయుడిగా విరమణ పొంది పాత పింఛను తీసుకుంటున్నాను. నా పక్క గదిలో పాఠం చెప్పిన 2008 డీఎస్సీ ఉపాధ్యాయుడికి ఆ హామీ లేదు. ఆయన ఖాతాలో విరమణ నాటికి 30 లక్షలు పోగయ్యాయనుకుందాం. 60 శాతం చేతికిచ్చి, మిగిలిన 12 లక్షలతో యాన్యుటీ (బీమా సంస్థ నెలనెలా చెల్లించే పింఛను) కొంటే, ఏటా 6 శాతం చొప్పున నెలకు 6,000 రూపాయలు. దానికి కరవు భృతి ఉండదు. ఈ ఆరువేలతో ముడిపడిన మనిషి ఒక్కరైనా కమిషన్ బల్ల దగ్గర ఉంటే చర్చ మరోలా నడుస్తుంది.

లెక్కలు తెలిసినవారూ కావాలి. ఆర్థిక శాఖ లెక్క వేరు, ఆయుర్దాయాన్నీ వడ్డీనీ కలిపి చూసే యాక్చువరీ (బీమా, పింఛను గణిత నిపుణుడు) లెక్క వేరు. కమ్యుటేషన్ కింద, అంటే పింఛనులో కొంత భాగాన్ని ముందే ఏకమొత్తంగా, తీసుకున్న మొత్తానికి పింఛనులో 15 ఏళ్లపాటు కోత పడుతుంది. ఐదో కేంద్ర వేతన సంఘం 12 ఏళ్లు చాలని చెప్పినా అమలుకు నోచుకోలేదు. 15 సరైనదా, 12 సరైనదా అన్నది దయాదాక్షిణ్యాలతో తేలేది కాదు, పట్టికలు వేసి చూపవలసినది. పొరుగున తమిళనాడు 2025లో పింఛను పథకాల అధ్యయనానికి గగన్‌దీప్ సింగ్ బేడీ నాయకత్వంలో వేసిన ముగ్గురు సభ్యుల కమిటీలో ఆర్థికశాస్త్ర ఆచార్యులు కె.ఆర్.షణ్ముగం ఒకరు. సరిహద్దుకు ఇంత దగ్గరగా ఉండి చూస్తున్నాం కనుక ఇది గుర్తుచేస్తున్నాను.

కాబట్టి రాష్ట్రంలో ఇకమీదట ఏర్పడే కమిషన్‌లో కనీసం ముగ్గురు సభ్యులుండాలి. వారిలో ఒకరు యాక్చువరీ, మరొకరు విశ్రాంత ఉద్యోగి కావాలి. ఆ విశ్రాంత ఉద్యోగి పెద్ద హోదాలో దిగిపోయినవారు కాకుండా, ఏటా లైఫ్ సర్టిఫికెట్ కోసం ట్రెజరీ మెట్లెక్కిన అనుభవం ఉన్నవారైతే మేలు. విచారణలు విజయవాడలోనే ముగించకుండా తిరుపతిలోనూ జరపాలి. కుప్పానికి విజయవాడ కంటే బెంగళూరే దగ్గర. అక్కడ ఫ్యామిలీ పెన్షన్‌తో బతికే వృద్ధురాలు వినతిపత్రం పట్టుకొని రాత్రంతా ప్రయాణించి రావాలనడం న్యాయం కాదు. ప్రభుత్వం చేతికి అందిన నెలలోపే నివేదికను, అసమ్మతి నోట్లతో సహా, తెలుగులో ప్రచురించాలి.

పింఛను దయతో ఇచ్చేది కాదని నకారా కేసులో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన 1982 డిసెంబరు 17ను ఏటా పింఛనుదారుల దినోత్సవంగా జరుపుకొంటున్నాం. ఆ రోజు మాకు శాలువాలు కప్పే ప్రజాప్రతినిధులు ఈసారి ఈ విన్నపాన్ని శాసనసభలో ప్రస్తావించవలసిందిగా మీ పత్రిక ద్వారా కోరుతున్నాను.

భవదీయుడు,
ఒక విశ్రాంత ప్రధానోపాధ్యాయుడు,
చిత్తూరు