ఏజెన్సీ ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్తు

సంపాదకులకు,

గాలివానకు కొమ్మ విరిగి తీగల మీద పడితే పాడేరు, రంపచోడవరం ఏజెన్సీ గ్రామాలకు కరెంటు మళ్లీ ఎప్పుడొస్తుందో చెప్పలేం. ఆ వేళలో ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో టీకాలను 2 నుంచి 8 డిగ్రీల సెల్సియస్ మధ్య కాపాడటం, చీకట్లో కాన్పు చేయడం ఎంత కష్టమో అక్కడి నర్సులకే తెలుసు. బ్యాటరీ అవసరం లేకుండా నేరుగా సౌర ఫలకాలతో నడిచే టీకా ఫ్రిజ్‌లు ఇప్పుడు అందుబాటులో ఉన్నాయి. పగటి ఎండకు వాటి లోపల గడ్డకట్టిన మంచు రాత్రంతా, మబ్బు పట్టిన రోజుల్లో కూడా, చల్లదనాన్ని నిలుపుతుంది. పొరుగున ఉన్న ఛత్తీస్‌గఢ్ 2012 నుంచి వందలాది ప్రాథమిక ఆరోగ్య కేంద్రాలకు సౌర విద్యుత్తును అందించింది. మన ఏజెన్సీకీ అదే అవసరం. అయితే ఫలకాలు బిగించి బిల్లులు చెల్లించడంతో పని పూర్తయినట్లు కాదు. దుమ్ము తుడిచేవారు లేక, దీపాలకు వాడే బ్యాటరీలను గడువు తీరాక మార్చేవారు లేక మంచి పరికరాలు మూలన పడటం బాధాకరం. కాబట్టి ఐదేళ్ల నిర్వహణ ఖర్చును టెండరులోనే చేర్చాలనీ, స్థానిక గిరిజన యువతకు మరమ్మతుల్లో శిక్షణ ఇచ్చి ఆ బాధ్యత అప్పగించాలనీ ప్రభుత్వాన్ని కోరుతున్నాను.

– ఒక పాఠకుడు, పాడేరు