రోల్స్ రాయిస్ కథలో రాజులే కాదు, ఒక ఫిట్టర్ కూడా ఉన్నారు

ఎడిటర్ గారికి నమస్కారం.

పోయిన ఆదివారం మీ అనుబంధంలో పాతకాలపు రోల్స్ రాయిస్ కార్ల మీద వచ్చిన వ్యాసం మా ఇంట్లో అందరం చదివాం. ఫొటోలు చాలా బాగున్నాయి. కానీ వ్యాసంలో సగం అల్వార్ మహారాజు కథే ఉంది. లండన్ షోరూమ్‌లో తనను చిన్నచూపు చూశారని ఆయన కార్లన్నీ కొనేసి ఊళ్ళో చెత్త ఎత్తడానికి పంపారన్న కథ. చిన్నప్పటి నుంచి ఇది వింటూనే ఉన్నాను. ఒకరు అల్వార్ రాజు అంటారు, ఒకరు పాటియాలా రాజు అంటారు, మన దగ్గరికి వచ్చేసరికి నిజాం అంటారు. చెప్పేవాళ్ళు మారినప్పుడల్లా రాజు మారిపోయే కథను చరిత్ర అని అచ్చు వేయవద్దని నా మనవి.

నన్ను అంతకన్నా బాధపెట్టింది ఇంకో మాట. ఆ కారు చేసినవాళ్ళ గురించి వ్యాసంలో ఉన్నది ఒక్క వాక్యం. ‘ఇద్దరు సంపన్న ఆంగ్ల దొరలు కలిసి స్థాపించిన కంపెనీ’ అని. చార్లెస్ రోల్స్ దొరబిడ్డ, నిజమే. ఆయన తండ్రి లార్డు. హెన్రీ రాయిస్ మాత్రం దొర కాదు. మాలాంటి పనివాడు.

నేను కంచరపాలెం ఐటీఐలో ఫిట్టర్ ట్రేడు చదివి, షిప్‌యార్డులో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేసి రిటైర్ అయ్యాను. రాయిస్ గారి గురించి నాకు మొదట చెప్పింది మా ఫోర్‌మేన్ గారు. ఆకురాయి పట్టి ఒక ఇనప ముక్కను నాలుగు వైపులా సమంగా చేయమని ఇచ్చి, ట్రై స్క్వేర్ (మూలమట్టం) పెట్టి చూసి, సందులోంచి వెలుతురు కనిపిస్తే మళ్ళీ మొదటికి పంపేవారు. ‘ఇంక చాల్లెండి సార్’ అన్నవాళ్ళకి రాయిస్ కథ చెప్పేవారు.

రాయిస్ 1863లో ఇంగ్లండులో పీటర్‌బరో దగ్గర ఆల్వాల్టన్ అనే పల్లెలో పుట్టారు. తండ్రి పిండిమర నడిపేవాడు. అది సాగక కుటుంబం లండన్ చేరింది. పిల్లవాడికి తొమ్మిదేళ్ళప్పుడు తండ్రి పోయాడు. వీధుల్లో పేపర్లు అమ్మాడు, టెలిగ్రాములు పంచాడు. బడి చదువు ఏడాదికి మించి లేదు. బంధువులు డబ్బు కడితే పీటర్‌బరో రైల్వే వర్క్‌షాపులో అప్రెంటిస్‌గా చేరాడు. మూడేళ్ళకు ఆ డబ్బు కూడా ఆగిపోయింది, శిక్షణ మధ్యలోనే వదులుకోవాల్సి వచ్చింది. అలాంటివాడు 1884లో ఇరవై పౌండ్ల పొదుపుతో, ఒక స్నేహితుడి భాగస్వామ్యంతో మాంచెస్టర్ కుక్ స్ట్రీట్‌లో చిన్న వర్క్‌షాపు పెట్టాడు. ముందు ఎలక్ట్రిక్ బెల్లులు, తర్వాత డైనమోలు, ఆ తర్వాత క్రేన్లు.

కార్ల దగ్గరికి ఆయన వచ్చింది నలభై ఏళ్ళ వయసులో. సెకండ్‌హ్యాండ్‌లో ఒక ఫ్రెంచి డెకావిల్ కారు కొన్నారు. దాని పనితనం ఆయనకు నచ్చలేదు. విప్పి చూసి, తానే ఇంతకన్నా మంచిది చేయగలనని తన షాపులోనే మూడు కార్లు చేశారు. మొదటిది 1904 ఏప్రిల్ 1న రోడ్డెక్కింది. లండన్‌లో కార్లు అమ్మే రోల్స్ ఆ మే 4న మాంచెస్టర్ వచ్చి మిడ్‌లాండ్ హోటల్లో ఆయన్ని కలిశారు. మీరు చేసినవన్నీ నేను అమ్ముతానన్నారు. 1906లో కంపెనీ ఏర్పడింది. వ్యాసం రాసినవారు ‘దొరలు’ అన్నది ఈ ఒప్పందం తర్వాత కథనే చూసి అయ్యుంటుంది.

రాయిస్ చేసిన ఆరు సిలిండర్ల కారు సిల్వర్ ఘోస్ట్ గురించి మీరు వేసిన పేజీలో వెల్వెట్ సీట్లు, వెండి దీపాలు, దంతపు పిడులు ఉన్నాయి. ఒక్కటి గమనించమని కోరుతున్నాను. ఆ రోజుల్లో రోల్స్ రాయిస్ కంపెనీ అమ్మింది ఇంజన్‌తో ఉన్న చాసిస్ (కారు కింది చట్రం) మాత్రమే. పైన బాడీ కట్టింది బార్కర్, హూపర్ లాంటి కోచ్‌బిల్డర్లు. అంటే వ్యాసం మెచ్చుకున్న వాటిలో ఏదీ రాయిస్ షాపులో తయారైంది కాదు. ఆయన పనంతా కింద ఉంది, ఎవరూ వంగి చూడని చోట.

అప్పట్లో ఆరు సిలిండర్ల ఇంజన్ అంటే పెద్ద టెన్షన్. పిస్టన్ల కదలికను తిప్పుడుగా మార్చే పొడుగాటి క్రాంక్ షాఫ్టు వణికి వణికి విరిగిపోయేది. రాయిస్ షాఫ్టును లావు చేసి, ఏడు బేరింగుల మీద కూర్చోబెట్టి, ప్రెషర్‌తో ఆయిల్ అందేలా చేశారు. చాసిస్ భాగాలను రివెట్లు కొట్టి కలపలేదు. రంధ్రంలో చేత్తో టేపర్ రీమర్ (రంధ్రాన్ని ఒక కొసకు సన్నబడేలా చెక్కే పనిముట్టు) తిప్పి, దానికి సరిపోయే టేపర్ బోల్టు బిగించారు. ఈ పని విలువ షిప్‌యార్డులో చేసినవాళ్ళకు బాగా తెలుస్తుంది. ఓడ ప్రొపెల్లర్ షాఫ్టు ముక్కలను కలిపే కప్లింగుకు మేం వేసే ఫిట్టెడ్ బోల్టులూ ఇలాంటి పనే. ఏ రంధ్రం బోల్టు ఆ రంధ్రానిదే. రెండింటి మీదా ఒకే నంబరు పంచ్ కొడతాం. బ్లూ అనే నీలం రంగు పూసి బోల్టు దింపి, బయటికి తీసి, రంగు అంతటా సమంగా అంటిందా అని చూస్తాం. ఒక చోట అంటకపోయినా ఆ బోల్టు పనికిరాదు. చెయ్యి జారి రెండు థౌలు (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) ఎక్కువ పోతే రోజంతా చేసిన పని పోయినట్టే. ఒక కారు మొత్తానికి ఆ పద్ధతి పెట్టుకోవడానికి ఎంత ఓపిక కావాలో చెప్పలేను.

దాని ఫలితం 1907లో తెలిసింది. వెండి రంగు వేసిన ఆ సిల్వర్ ఘోస్ట్ కారును లండన్, గ్లాస్గోల మధ్య పగలూ రాత్రీ తిప్పారు. మొదట్లో ఒకసారి పెట్రోలు ట్యాప్ అదురుకు మూసుకుపోయి నిమిషం ఆగింది. ఆ తర్వాత 14,371 మైళ్ళు తనంతట తాను ఆగలేదు. అప్పుడు విప్పి, అరిగినవి మార్చడానికి అయిన ఖర్చు రెండు పౌండ్ల చిల్లర. చెత్త బండి కథ బదులు ఈ సంగతి వేసి ఉంటే ఎంతమంది పిల్లలు చదివేవారు!

రోల్స్ 1910లో విమానం కూలి 32 ఏళ్ళకే చనిపోయారు. మరుసటి ఏడాది రాయిస్ గారికి పెద్ద జబ్బు చేసింది. అప్పటి నుంచి డెర్బీలోని కంపెనీ ఫ్యాక్టరీకి దూరంగా ఉంటూ డ్రాయింగులు పంపిస్తూ పనిచేశారు. ‘సర్’ బిరుదు వచ్చాక కూడా తనను మెకానిక్ అనే చెప్పుకున్నారు. 1933 ఏప్రిల్‌లో పోయారు. ఆయన మొదలుపెట్టించిన మెర్లిన్ విమాన ఇంజన్ అదే ఏడాది అక్టోబర్‌లో మొదటిసారి తిరిగింది. 1942 ఏప్రిల్ 5న జపాన్ విమానాలు కొలంబో మీదికి వస్తే ఎదురెళ్ళిన బ్రిటిష్ హరికేన్ యుద్ధవిమానాల్లో ఉన్నది మెర్లినే. ఆ మర్నాడే మన విశాఖ మీద బాంబులు పడ్డాయి. మా నాన్నగారు అప్పుడు హార్బర్‌లో కూలి. ఊరు ఊరంతా మూటలు కట్టుకుని వెళ్ళిపోవడం గురించి ఆయన చెబుతుంటే, రాయిస్ కథకూ మన ఊరికీ ఇంత దగ్గర చుట్టరికం ఉందని నాకు అప్పట్లో తెలియదు.

రెండేళ్ళ కిందట హైదరాబాద్ చౌమహల్లా ప్యాలెస్‌లో నిజాంల పసుపుపచ్చ సిల్వర్ ఘోస్ట్ చూశాను. ఆరో నిజాం ఆర్డరిచ్చిన కారు. వెనక సింహాసనంలాంటి సీటు ఉంటుంది. అందరూ ఆ సీటును ఫొటో తీస్తున్నారు. నేను కింద చాసిస్ బోల్టుల తలలు కనిపిస్తాయేమోనని వంగాను. డిప్లొమా మెకానికల్ చదువుతున్న మా మనవడు ‘ఏం పోయింది తాతయ్యా, వెతుకుతున్నావు’ అన్నాడు. మీ వ్యాసం చదివి వాడే అడిగాడు, ‘నువ్వు చెప్పిన రాయిస్ ఇందులో లేడేం?’ అని.

కాబట్టి దొరలన్న ఆ వాక్యాన్ని సవరించి వేయవలసిందిగా కోరుతున్నాను. వ్యాసం రాసినవారు విశాఖ వైపు వస్తే మా ఇంటికి రమ్మనండి. 1979లో నేను పాడుచేసిన మొదటి ఫిట్టెడ్ బోల్టు ఇంకా నా దగ్గరే ఉంది. ఫోర్‌మేన్ గారు ఎర్ర పెయింటుతో గీత గీసి నా చేతిలో పెట్టారు. రంగు అంటని చోటు ఎక్కడో వేలుతో తడిమి చూపిస్తాను.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఫిట్టర్,
మల్కాపురం, విశాఖపట్నం