విషయం: మీ సిబ్బంది స్పిరిట్‌తో తుడిచి పాడుచేసిన పాత ఇంగ్లిష్ గడియారం గురించి ఫిర్యాదు

కస్టమర్ సర్వీస్ మేనేజర్ గారికి,

నమస్కారం. లండన్ నుంచి హైదరాబాద్‌కు మా ఇంటి సామాను చేర్చే పని మీ కంపెనీకి అప్పగించాం. మిగతా సామానుతో ఇబ్బంది లేదు. నా ఫిర్యాదు 18వ శతాబ్దంలో లండన్‌లో తయారైన బ్రాకెట్ క్లాక్ (బల్ల మీద పెట్టుకునే లోలకం గడియారం) గురించి. దాని చెక్క పెట్టె నల్లటి జపానింగ్ పని (తూర్పు దేశాల లాకర్ పనిని అనుకరిస్తూ వేసే మెరుపు పూత), పైన బంగారు రంగులో చైనా తరహా బొమ్మలు.

డెలివరీ అయ్యాక విప్పి చూస్తే పెట్టె కుడి పక్క తెల్లగా పాలిపోయి, చేతికి జిగటగా తగిలింది. అక్కడ ఉండాల్సిన వంతెన, కొంగలు, గొడుగు పట్టుకున్న మనిషి చెరిగిపోయాయి. మీ సూపర్‌వైజర్‌ని అడిగితే, "టేపు మరక పడితే స్పిరిట్‌తో తుడిచాం మేడమ్, కావాలంటే కొత్తగా పాలిష్ వేయిస్తాం" అన్నారు. ఆ మాటకే నాకు ఎక్కువ బాధ కలిగింది.

తూర్పు దేశాల్లో చెట్టు పాలతో చేసే అసలు లాకర్ (lacquer) పూత ఇంగ్లండ్‌లో దొరికేది కాదు. అందుకని అక్కడి పనివాళ్లు మన దేశం నుంచి వెళ్లిన లక్కను స్పిరిట్‌లో కరిగించి, పూత మీద పూత వేసి ఆ మెరుపు తెచ్చేవారు. 1688లో ఇంగ్లండ్‌లో స్టాకర్, పార్కర్ అనే ఇద్దరు జపానింగ్ మీద అచ్చు వేయించిన పుస్తకంలో ఈ పద్ధతి వివరంగా ఉంది. మన లాడ్ బజార్ గాజుల్లో ఉండేదీ లక్కే. స్పిరిట్‌లో కరిగించి వేసిన పూత మీద మళ్లీ స్పిరిట్ పోస్తే ఏమవుతుంది? కొత్త పాలిష్ వేస్తే మిగిలిన పాత పని కూడా దాని కింద మరుగున పడిపోతుంది.

లోలకం కడ్డీ కూడా వంగింది. కదిలించేటప్పుడు లోలకాన్ని వెనక ఇత్తడి పలకకు ఉన్న కొక్కేనికి తగిలించాలని చీటీ రాసి పిడికి కట్టాను. చీటీ అలాగే ఉంది, లోలకం మాత్రం వదులుగా వేలాడుతోంది.

"పాతబడటం వల్ల వచ్చిన అరుగుదల" అంటూ మీరు నా నష్టపరిహారం క్లెయిమ్ తిరస్కరించడం అన్యాయం. ప్యాకింగ్ రోజు మీ వాళ్లే తీసిన ఫొటోల్లో ఆ పక్క చెక్కుచెదరకుండా ఉంది. జపానింగ్ పని తెలిసిన కన్జర్వేటర్‌ను (పాత వస్తువులను చెడకుండా బాగుచేసే నిపుణుణ్ణి) నేనే చూసుకుంటాను. ఆ ఖర్చు, గడియారం రిపేరు ఖర్చు మీరు భరించాలి. దయచేసి మీ పాలిష్ మనిషిని పంపకండి. పరిష్కారం దొరక్కపోతే 2019 వినియోగదారుల రక్షణ చట్టం కింద జిల్లా కమిషన్‌కు వెళ్తాను.

అంతకన్నా ముందు అత్యవసరంగా రెండు పనులు చేయండి. వాడిన స్పిరిట్ డబ్బా లేబుల్ ఫొటో పంపండి, అందులో ఏముందో కన్జర్వేటర్‌కు తెలియాలి. మీ వాళ్లు వెనక్కి తీసుకెళ్లిన ప్యాకింగ్ కాగితాలు పారేయకండి. రాలిన బంగారు పెచ్చులు వాటిలో ఉండొచ్చు.

ఇట్లు,
మీ కస్టమర్