ఆవకాయకి డబ్బు కట్టి ఎదురుచూసిన మీకు

నమస్తే అండీ. విజయవాడ సింగ్‌నగర్‌లో మా పచ్చళ్లు తిన్నవాళ్లకి ఇది రాస్తున్నాను. దసరాకి ఆవకాయ పంపమని ముందే డబ్బు కట్టి, నాకు ఫోన్లు చేసి చేసి విసిగిపోయినవాళ్లకి ముఖ్యంగా.

టీవీలో చూసే ఉంటారు. 2024 ఆగస్టు 31న ఆగకుండా వాన, మర్నాడు బుడమేరు వాగు పొంగింది. కవులూరు వైపు గట్టుకి గండ్లు పడ్డాయి. సెప్టెంబర్ 1 ఆదివారం. చర్చికి బయల్దేరాల్సిన టైముకి నీళ్లు గుమ్మం దాటాయి, సాయంత్రానికి ఛాతీ దాకా వచ్చాయి. మా అత్తగారిని కుర్చీలో కూర్చోబెట్టి నేనూ మా ఆయనా మేడ మీదికి మోశాం. పైవాటా వాళ్లు తలుపు తీసే ఉంచారు. ఆ రెండు గదుల్లో మూడు రోజులు ఎనిమిది మందిమి ఉన్నాం.

జాడీలన్నీ కిందే. మే నెలలో పెట్టిన ఆవకాయ అది. చిన్నరసాలు, గుంటూరు కారం, పప్పునూనె. మీకిచ్చే ప్రతి డబ్బా మీదా 'తడి గరిటె పెట్టకండి' అని అంటించేదాన్ని. చుక్క నీరు పడితే బూజు పట్టే సరుకులోకి ఊరి మురుగంతా వచ్చింది. నీళ్లు తీశాక చూస్తే వాసెన గుడ్డలు కట్టినవి కట్టినట్టే ఉన్నాయి. లోపల బురద. నూనె మాత్రం నాలుగు గోడలకీ ఎర్రగా గీత గీసి పోయింది. రెండుసార్లు రంగు వేయించినా ఆ గీత ఇంకా కనబడుతూనే ఉంది.

అటక మీద సీలు వేసిన డబ్బాలు కొన్ని మిగిలాయి. వాటికి నీళ్లు తగల్లేదు. అమ్మేద్దామన్న ఆలోచన రాలేదని అబద్ధం చెప్పను. కానీ వారం పాటు ఆ కంపులో, ఆ ఉక్కలో ఉన్న సరుకు అది. పారేశాం.

గ్రౌండ్ ఫ్లోర్ ఇళ్లకి ప్రభుత్వం ఇచ్చిన 25 వేలు గ్రైండరుకీ, స్టవ్వుకీ, అత్తగారి మంచానికీ అయిపోయాయి. మీ అడ్వాన్సులు ఎప్పుడో కాయలకీ నూనెకీ ఖర్చయ్యాయి. మీకు ఏం చెప్పాలో తెలియక ఫోన్ ఎత్తలేదు. నెలన్నర. స్క్రీన్ మీద పేరు చూసి బోర్లా పెట్టేసేదాన్ని. ఇది నా తప్పే, దానికి బుడమేరుని అడ్డం పెట్టుకోను.

ఈలోగా మా దగ్గర ఏళ్లుగా గోంగూర తీసుకునే ఒకావిడ మెసేజ్ పెట్టారు. "అంత ప్రార్థన చేస్తారు కదా, మరి మీ దేవుడు మీ ఇల్లు ఎందుకు కాపాడలేదమ్మా?" ఎగతాళి కాదు, బాధపడే అడిగారు. ఆవిడకి జవాబు బాకీ ఉన్నాను.

ఎందుకో నాకు తెలియదండీ. అంతా మన మంచికే అన్నవాళ్లకి టీ ఇచ్చి పంపించాను. ఒకాయన తన ఇల్లు మునగలేదని చర్చిలో సాక్ష్యం చెప్పాడు. ఆయన ఇల్లు మెరక మీద ఉంది మరి! ఆయన ప్రార్థన గట్టిదనీ మాది తక్కువదనీ నేను అనుకోను. పైవాటా వాళ్లు పెట్టిన అన్నం దేవుడు పంపిందేనని నమ్ముతాను. అన్నం అందని వాళ్ల మాటేమిటంటే నా దగ్గర మాట లేదు.

ఆ మూడు రాత్రులూ నేను చేసింది ప్రార్థనో పోట్లాటో నాకే తెలియదు. బైబిల్లో మార్కు సువార్తలో తుపానులో పడవ సంగతి ఉంది. పడవలోకి నీళ్లొస్తుంటే యేసు వెనకవైపు తలగడ మీద నిద్రపోతున్నాడు. శిష్యులు లేపి 'నీకు చింత లేదా' అని అడిగారు. నేనూ మెట్ల మీద కూర్చుని, కింద తేలుతున్న ఫ్రిజ్‌ని చూస్తూ అదే మాట అడిగాను. చిన్నప్పటి నుంచి విన్న కథలో నాకు యేసు మాటకి గాలి అణిగిపోవడమే గుర్తు. ఈసారి ఇంకోటి కనబడింది. ఎందుకు భయపడుతున్నారు అన్నాడే గానీ, నన్నెందుకు లేపారు అనలేదు. ఆ మాట అన్నందుకు ఎవర్నీ పడవ దింపలేదు. ఆ శిష్యుల్లో ఒకడైన పేతురే తర్వాత తన ఉత్తరంలో, మీ చింతంతా దేవుడి మీద వేయండి, ఆయన మీ గురించి చింతిస్తున్నాడు అని రాశాడు. అడిగిందీ చింతే, జవాబులోదీ చింతే. మా అత్తగారికి ఇది చెబితే, "చింత చచ్చినా పులుపు చావదు, నీకు వాక్యంలోనూ పచ్చడే కనబడుతుంది" అన్నారు.

ఇంకో సంగతి. ఫోన్ ఎత్తకపోతే, ఈవిడ మమ్మల్ని వదిలేసింది అనే అనుకుని ఉంటారు. ఆ నెలన్నరలో మీ పేర్లు తలుచుకోకుండా పడుకున్న రాత్రి లేదు. నేను పలకనిది సిగ్గుతో. దేవుడు ఎందుకు పలకలేదో నాకు తెలియదు, ఆయన్ని నాతో పోల్చడమూ సరికాదు. కానీ పలకనివాళ్లంతా పట్టించుకోనివాళ్లు కారని నాకు నా వైపు నుంచి తెలుసు. ప్రస్తుతానికి ఆ కాస్త పట్టుకునే మోకాళ్లూనుతున్నాను. పోట్లాట తగ్గింది, పోలేదు.

ఇక లెక్కలు. పచ్చి చింతకాయ దిగింది, ఉప్పూ పసుపూ వేసి తొక్కు పెట్టాం. ఆవకాయ డబ్బుకి బదులు తొక్కు తీసుకుంటామంటే ఈ వారమే పంపుతాను. డబ్బే కావాలంటే డిసెంబరు నుంచి నెలకి కొందరికి, కట్టిన వరుసలో ఇస్తాను. అందరికీ ఒకేసారి ఇచ్చే శక్తి లేదు. ఆవకాయే కావాలనుకుంటే మే దాకా ఆగాలి. మీకు పాత ధరే. ఈసారి జాడీలకి పైవాటాలో ఒక గది అద్దెకి తీసుకున్నాం.

లెక్కల పుస్తకం తడిసి సిరా పోయింది. ఫోన్‌పేలో కట్టినవాళ్ల పేర్లు దొరికాయి. చేతికిచ్చినవాళ్లు ఒక్కసారి ఫోన్ చేయండి, ఎంతిచ్చారో మీరు చెప్పిందే లెక్క. ఈసారి ఎత్తుతాను.