మౌస్ చేయలేని పని మీటలతో

సంపాదకులకు నమస్కారములు.

మీ పత్రిక కంప్యూటర్ శీర్షికలో వచ్చే సలహాలు శ్రద్ధగా చదివే పాఠకుణ్ణి. సమస్య ఏదైనా పరిష్కారం మాత్రం మౌస్‌తో ఫలానా చోట నొక్కమనడంతోనే మొదలవుతుంది. తెరే చెడినప్పుడు ఆ సలహా ఎందుకూ కొరగాదని గత నెల నాకు అనుభవమైంది.

మా మనవడు ఏవో మీటలు కలిపి నొక్కడంతో మా పాత ల్యాప్‌టాప్ తెర తలకిందులైంది. మౌస్‌ను కుడికి జరిపితే తెర మీది గుర్తు ఎడమకు, పైకి జరిపితే కిందికి పోసాగింది. గంటసేపు దానితో కుస్తీ పట్టి, ఓడిపోయి, చెన్నైలో కంప్యూటర్ దుకాణాలుండే రిచీ స్ట్రీట్‌లోని ఒక దుకాణానికి తీసుకువెళితే, అక్కడి కుర్రవాడు రెండు క్షణాల్లో సరిచేసి 300 రూపాయలు పుచ్చుకున్నాడు. ఏం చేశావని అడిగితే నవ్వి ఊరుకున్నాడు. జీవితమంతా పాఠాలు చెప్పినవాణ్ణి కనుక డబ్బు కంటే ఆ నవ్వే నన్ను ఎక్కువ బాధించింది.

అతడు నొక్కినవి కంట్రోల్, ఆల్ట్, పై బాణం మీటలని తరువాత తెలిసింది. తెర మీది బొమ్మను నడిపే భాగం (గ్రాఫిక్స్) ఇంటెల్ కంపెనీది అయిన పాత కంప్యూటర్లలో ఇది పనిచేస్తుంది. కొత్తవాటిలో ఆ సౌకర్యం చాలావరకు లేదు కనుక, విండోస్, ఆర్ మీటలు కలిపి నొక్కి, వచ్చిన పెట్టెలో డెస్క్ డాట్ సీపీఎల్ (desk.cpl) అని ఇంగ్లీషు అక్షరాలతో టైపు చేసి ఎంటర్ నొక్కితే తెర అమరికలు తెరుచుకుంటాయి. అక్కడి నుంచి ట్యాబ్, బాణం మీటలతోనే ముందుకు సాగవచ్చు. అక్షరాలు తలకిందులుగా ఉన్నా చదవగలం కదా. ఒక అమరిక మార్చాక, దాన్ని ఉంచమని మనం చెప్పకపోతే 15 సెకన్లలో విండోస్ తనంతట తానే పాత స్థితికి తెస్తుంది. అందువల్ల కొత్త అమరికతో తెర నల్లబడితే కంగారుపడి ఎంటర్ నొక్కకుండా చేతులు కట్టుకుని కూర్చోవడం మంచిది.

టీవీకి కలిపినప్పుడు ల్యాప్‌టాప్ తెర చీకటైతే విండోస్, పి మీటలు కలిపి నొక్కి, బొమ్మ ఏ తెర మీద కనిపించాలో అడిగే జాబితాలో వేరే ఎంపికకు మారవచ్చు. కానీ చీకట్లో ఏ ఎంపిక మీద ఉన్నామో తెలిసేదెలా? విండోస్ 10, 11లలో విండోస్, కంట్రోల్, ఎంటర్ కలిపి నొక్కితే తెర మీది అక్షరాలను పైకి చదివే నరేటర్ మొదలై, మనం ఏ ఎంపిక మీద ఉన్నామో ఇంగ్లీషులో చదివి వినిపిస్తుంది. చూపు లేనివారి కోసం ఉన్న ఈ ఏర్పాటు, చూపు ఉండీ తెర లేనివారికీ అక్కరకు వస్తుంది.

తెరకు సంబంధించిన సలహా ప్రచురించిన ప్రతిసారీ, మౌస్ దారి పక్కనే మీటల దారిని కూడా ఇవ్వవలసిందిగా మీ శీర్షికా నిర్వాహకులను కోరుతున్నాను. అదీ కత్తిరించి కంప్యూటర్ పక్కన గోడకు అంటించుకునేంత పెద్ద అక్షరాలలో ఇస్తే మరీ మేలు.

భవదీయుడు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు,
పెరంబూరు, చెన్నై.