ఆ డాక్టరు మీ కులం ఎందుకు అడిగాడంటే

శారదా,

నీ ఉత్తరం అందింది. తమ్ముడి ఆపరేషన్‌కి ముందు మత్తు డాక్టరు "మీరు ఆర్యవైశ్యులా?" అని అడిగేసరికి ఒళ్లు మండి, "ఆపరేషన్‌కి కూడా కులం కావాలా?" అని అక్కడే అనేశానని రాశావు. నీ కోపం అర్థమైందే. కానీ ఆయన అడగాల్సిందే అడిగాడు. ఎందుకు అడుగుతున్నాడో చెప్పకపోవడమే తప్పు. ఆ మిగిలిన సగం నేను చెబుతాను, తీరిగ్గా చదువు.

మత్తిచ్చాక గొంతులోకి గొట్టం వెయ్యాలంటే కండరాలు వదులవ్వాలి. దానికి వాడే మందుల్లో ఒకటి సక్సామిథోనియం, డాక్టర్లందరూ స్కోలిన్ అంటారు. కిలోకి 1 నుంచి 1.5 మిల్లీగ్రాములు ఇస్తే నిమిషంలో ఒళ్లంతా కదలిక పోతుంది. 5, 10 నిమిషాల్లో మళ్లీ సొంత ఊపిరి వచ్చేస్తుంది. అందుకే కడుపు నిండుగా ఉండి అత్యవసరంగా వచ్చినవాళ్లకి ఇప్పటికీ దాన్ని వాడుతుంటారు. అంత తొందరగా దిగిపోవడానికి కారణం రక్తంలో ఉండే బ్యూటిరైల్‌కోలినెస్టరేజ్ అనే ఎంజైమ్. మందు కండరాల దాకా చేరకముందే చాలా భాగాన్ని అది విరిచేస్తుంది, చేరేది పదో వంతు మాత్రమే. ఆ ఎంజైమ్ లేనివాళ్లకి ఎక్కువ మందు చేరుతుంది, చేరింది గంటల తరబడి దిగదు. దాన్నే స్కోలిన్ ఆప్నియా అంటారు.

ఊపిరి ఆడించే మెషీన్ పక్కనే ఉంటే దీనివల్ల ప్రాణం పోదు. అసలు ప్రమాదం ఎవరూ పోల్చుకోకపోవడంలో ఉంది. ఆపరేషన్ అయింది కదా అని మత్తు ఆపేస్తారు. మనిషికి మెలకువ వస్తుంది, మాటలన్నీ వినిపిస్తుంటాయి, కానీ కనురెప్ప కూడా కదపలేడు. అందుకే అనుమానం రాగానే మత్తు కొనసాగించాలి, వెంటిలేటర్ మీదే ఉంచాలి, నరానికి చిన్న కరెంటు ఇచ్చి చూసే స్టిమ్యులేటర్‌తో కండరం తేరుకుందో లేదో చూస్తూ ఉండాలి. కండరాల్ని వదులు చేసే వేరే మందులకి వాడే నియోస్టిగ్మిన్‌తో విరుగుడు చేద్దామనుకుంటే పరిస్థితి ఇంకా గజిబిజి అవుతుంది. ఇంకో విరుగుడు మందు సుగమ్మడెక్స్ స్కోలిన్ మీద పనిచెయ్యనే చెయ్యదు. ఓపిగ్గా కాచుకోవడమే వైద్యం.

ఇక మీ కులం దాకా వద్దాం. ఈ ఎంజైమ్ తయారు చేసే జన్యువు బీసీహెచ్ఈ, మూడో క్రోమోజోమ్ మీద ఉంటుంది. ఆర్యవైశ్యుల్లో దీనిలో ఒక మార్పు కనిపించింది: ఎంజైమ్ గొలుసులో 307వ స్థానంలో లూసిన్ అనే అమైనో ఆమ్లం ఉండాల్సిన చోట ప్రోలిన్ అనే వేరొకటి. తల్లి నుంచీ తండ్రి నుంచీ రెండు వైపులా అదే వస్తే ఎంజైమ్ దాదాపు సున్నా. మిగతా జనంతో పోలిస్తే ఈ లోపం వైశ్యుల్లో సుమారు వంద రెట్లు ఎక్కువ. కారణం కూడా తెలుసు. మన హైదరాబాద్‌లోని జీవశాస్త్ర పరిశోధన సంస్థ సీసీఎంబీ వాళ్లు హార్వర్డ్ వాళ్లతో కలిసి 2009లో చేసిన అధ్యయనంలో, వైశ్యులంతా వంద తరాలకు పైబడిన కిందట ఒక చిన్న గుంపు నుంచి పెరిగి, అప్పటినుంచీ లోపల్లోపలే పెళ్లిళ్లు చేసుకున్నారని తేలింది. అందుకే మేనరికం కాకపోయినా, గోత్రాలు వేరైనా, మొగుడూ పెళ్లాలిద్దరి దగ్గరా అదే మార్పు ఉండే అవకాశం ఉంది. ఇది మీ ఒక్కరి సంగతే అనుకోకు. 2017లో దక్షిణాసియాలో 263 సముదాయాల్ని చూస్తే 81 ఇలాంటివే. ఒక్కో సముదాయంలో ఏ జన్యువులో ఏ మార్పు దాగి ఉందో మనం వెతికింది చాలా తక్కువ. నాకు బాధ కలిగించేది అదే.

వెతకడానికి వాడే పరీక్షలు కూడా మనల్ని చూసి తయారైనవి కావు. 1957లో కెనడాలో కలో అనే ఆయన డైబ్యుకైన్ నంబర్ అనే పరీక్ష పెట్టాడు, డైబ్యుకైన్ అనే మందు ఈ ఎంజైమ్ పనిని నూటికి ఎంత ఆపుతుందో చూపే అంకె అది. మామూలు ఎంజైమ్‌కి 80 దగ్గర, యూరప్‌లో ఎక్కువగా కనిపించే మార్పు రెండు వైపులా ఉంటే 20 దగ్గర, ఒక వైపే ఉంటే 60 దగ్గర వస్తుంది. మీవాళ్లలో ఉన్నది ఆ మార్పు కాదు. ఒక వైపు మాత్రమే ఉన్న వైశ్యుడికి మిగిలిన సగం ఎంజైమ్ మామూలుదే కాబట్టి నంబర్ చక్కగా 80 వస్తుంది. రెండు వైపులా ఉంటే కొలవడానికి ఎంజైమే ఉండదు, వచ్చిన అంకెకి అర్థం లేదు. యూరప్ మార్పుల కోసమే చేసిన జీన్ టెస్ట్ కూడా ఇలాగే "నార్మల్" అనేస్తుంది.

రోగనిరోధక శక్తిని అదుపు చెయ్యడానికి వాడే అజాథయోప్రిన్ మందుదీ ఇదే గొడవ. అది ఎవరికి పడదో తెలియడానికి యూరప్‌లో టీపీఎంటీ జన్యువు చూస్తే చాలావరకు సరిపోతుంది. మన దగ్గర అది నార్మల్ వచ్చినవాళ్లలో కూడా కొందరికి జుట్టు ఊడి, తెల్లకణాలు పడిపోతాయి. అసలు దోషి ఎన్‌యూడీటీ15 అనే ఇంకో జన్యువు అని 2014లో కొరియా వాళ్లు పట్టుకున్నారు. పోనీ "ఆసియా వాళ్లు" అని ఒక గంపలో వేద్దామా అంటే అదీ కుదరదు. రక్తం గడ్డకట్టకుండా ఇచ్చే వార్ఫరిన్ తక్కువ డోసు చాలేలా చేసే వీకేఓఆర్సీ1 జన్యువు మార్పు జపాన్, చైనాల్లో నూటికి 90 దాకా ఉంటే మన దగ్గర 20 లోపే. వాళ్ల డోసు మనవాళ్లకి చాలక రక్తం గడ్డకట్టవచ్చు. కాబట్టి కులమైనా ఖండమైనా ఎక్కడ వెతకాలో చెప్పే గుర్తు మాత్రమే. తేల్చాల్సింది ఆ మనిషి రక్తమే.

తమ్ముడి సంగతికి వస్తే, రక్తంలో ఈ ఎంజైమ్ ఎంతుందో కొలిచే సీరం కోలినెస్టరేజ్ పరీక్ష చేయించండి. ఎర్రకణాల్లో చూసే ఎసిటైల్‌కోలినెస్టరేజ్ వేరు, అది కాదని ల్యాబ్ వాళ్లకి గట్టిగా చెప్పు. వాడిది పురుగుమందుల కొట్టు కదా, ఆర్గానోఫాస్ఫేట్ మందులు ఒంటికి తగిలినా ఈ ఎంజైమ్ పడిపోతుంది, ఆ మాట డాక్టరుకి తప్పకుండా చెప్పు. లివర్ జబ్బులోనూ గర్భంలోనూ తగ్గుతుంది. ఈమధ్య రక్తం ఎక్కించి ఉంటే దాత ఎంజైమ్ కలిసిపోయి అంకె తప్పుతుంది. జీన్ రిపోర్టులో 307 బదులు 335 అని ఉంటే కంగారు పడకు, లెక్క మొదలుపెట్టే చోటు వేరు, మార్పు అదే.

వాడిది ముందే అనుకున్న ఆపరేషన్ కాబట్టి స్కోలిన్ అవసరమే రాకపోవచ్చు. తొందరగా గొట్టం వెయ్యాలన్నా కండరాల్ని వదులు చేసే ఇంకో మందు రోక్యురోనియం కిలోకి 1.2 మిల్లీగ్రాములు ఇవ్వొచ్చు, దానికి సుగమ్మడెక్స్ విరుగుడు. నా భయం రేపెప్పుడో అర్ధరాత్రి వేరే ఊళ్లో వాడికి అత్యవసర ఆపరేషన్ అవసరం పడితే అని. అక్కడ ఎవరికీ తెలియదు. మానసిక వైద్యంలో కరెంటు షాక్‌కి ముందు కూడా స్కోలిన్ ఇస్తారు. అందుకని తేలాక ఫైలు మొదటి పేజీ మీద, పర్సులో ఒక కార్డు మీద "స్కోలిన్, మైవాక్యూరియం ఇవ్వకూడదు" అని ఇంగ్లీషులోనూ రాయించు (మైవాక్యూరియం కూడా ఇదే ఎంజైమ్ విరిచే మందు). రోజువారీ బతుక్కి దీనివల్ల ఏ ఇబ్బందీ లేదు.

వాడికి ఉందని తేలితే నీకూ, అక్కకీ ఒక్కొక్కరికి నాలుగింట ఒక వంతు అవకాశం. మీ ఇద్దరూ కూడా చేయించుకోండి. రిపోర్టు ఫోటో తీసి పంపు, యూనిట్లూ ఆ ల్యాబ్ నార్మల్ రేంజీ కూడా కనిపించేలా తియ్యి. ఒక్కో ల్యాబ్‌లో అంకెలు ఒక్కోలా ఉంటాయి.

నీ
వసుధ